టోపీ కింద బంతి

బ్యారీ టప్లిన్ తన సంచి బోర్లించాడు. హాలోఫీల్డ్ క్లబ్బు బల్ల మీద యాభై గోల్ఫ్ బంతులు జలజలా దొర్లాయి. వాటిలో ఒకటి, రెండు ఆకుపచ్చ చుక్కలున్నది, దారి తెలిసినట్టు తిన్నగా డెస్మండ్ ట్రాంటర్ గ్లాసు దాకా వచ్చి ఆగింది. డెస్మండ్ చేతిలో ఉన్న తడి టోపీని దాని మీద బోర్లించాడు. కిందటి వారం మనం లేచి వెళ్ళింది అక్కడే కదా. టోపీ ఇంకా అక్కడే ఉంది. టోపీ మీద డెస్మండ్ చెయ్యీ అక్కడే ఉంది.

సంగతి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఇళ్ళ పైకప్పులకు పూత పూసి, పూలూ తీగలూ తీర్చి బతికిన డెస్మండ్, పాత కార్లు అమ్మి బతికిన బ్యారీ, ఆ ఊళ్ళో సగం జనాన్ని పుట్టగానే కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసిన మంత్రసాని గ్లెనిస్ ప్రాసర్, పెళ్ళి మాటెత్తితే వాతావరణం గురించి మాట్లాడే ముసలి బ్రహ్మచారి వకీలు జూలియన్ ఆర్మరాడ్. ఈ నలుగురూ ఇరవై ఏళ్ళుగా ప్రతి మే నెలలో రెండు రాత్రులు ఏదో ఒక పల్లెకు వెళ్ళి గోల్ఫ్ ఆడి వస్తారు. పద్ధతి ఒక్కటే. ఈ ఏడు గెలిచినవాళ్ళు వచ్చే ఏటికి ఊరు చెప్పాలి. గదులు వాళ్ళ పేరునే రాయించాలి. ఒంటిచెవి పింగాణీ కుందేలు ఏడాది పొడుగునా వాళ్ళింట్లోనే ఉండాలి.

పందొమ్మిదేళ్ళు డెస్మండ్ వాళ్ళు చెప్పిన ఊరికల్లా నోరు మూసుకుని వెళ్ళాడు. ఎక్కువసార్లు గెలిచేది ఆర్మరాడ్. వకీలు ఎంచే ఊరు ఎలా ఉంటుంది? భోజనానికి కోటు వేసుకోవాలి. పళ్ళేనికి అటు మూడు, ఇటు మూడు ఆయుధాలు పెడతారు. బల్ల మీద గంజి పెట్టిన గుడ్డ, ఆ గుడ్డకన్నా బిగుసుకుపోయిన మనుషులు. డెస్మండ్ చేతులు చూసి, "మీరు ఏం చేస్తుంటారు?" అని మర్యాదగా అడిగి, జవాబు వినకుండానే ఉప్పు అందుకుంటారు.

పోయిన మే నెలలో మొదటిసారి డెస్మండ్ గెలిచాడు. ఆర్మరాడ్ మీద, ఒకే ఒక్క దెబ్బ తేడాతో.

అంటే, గెలిచాడని ముగ్గురు అనుకున్నారు. నిజం తెలిసినవి రెండే: డెస్మండూ, ఆ ఆఖరి గుంటా.

ఆ రోజు ఆఖరి గుంట దగ్గర అతని బంతి పొడుగు గడ్డిలో పడింది. వెతికితే అదే రకం తెల్ల బంతి దొరికింది. కొట్టాడు. నున్నటి పచ్చిక మీదికి చేరింది. ఇంకో దెబ్బకు గుంటలో పడింది. బ్యారీ ఈల వేశాడు, గ్లెనిస్ వీపు మీద చరిచింది. డెస్మండ్ వంగి గుంటలోంచి బంతి తీసి చూస్తే, దాని మీద తన రెండు ఆకుపచ్చ చుక్కలు లేవు. పరాయి బంతి. పరాయి బంతితో గుంట ముగించి, సరిదిద్దుకోకుండా కార్డు మీద సంతకం పెడితే ఆ ఆట చెల్లదు. ఆ సంగతి గోల్ఫ్ ఆడేవాడి పెంపుడు కుక్కకు కూడా తెలుసు. డెస్మండ్ ఆ బంతిని జేబులో వేసుకుని నవ్వాడు. సంతకం పెట్టాడు.

మరి అతని సొంత బంతి ఏమైంది? బ్యారీ టప్లిన్ జన్మలో బంతి కొన్నవాడు కాడు. గడ్డిలో ఏది తెల్లగా కనిపించినా తీసి సంచిలో వేసుకుంటాడు. పది నెలలు ఆ సంచిలో నిద్రపోయిన బంతి ఇవాళ, మార్చి మొదటి ఆదివారం మధ్యాహ్నం, బయట వాన పడుతుంటే, ఊరు చెప్పే హక్కు డెస్మండ్ చేతికొచ్చిన పూట, లేచొచ్చి అతని గ్లాసు పక్కన కూర్చుంది.

"మిస్టర్ ట్రాంటర్," అన్నాడు కోలిన్. క్లబ్బులో గ్లాసులు అందించేవాడు. రాజుగారి కోట కాపలా కూడా వాడంత నిటారుగా ఉండదు. "బల్ల మీద టోపీ."

"తడిసింది. ఆరనీ."

"కొక్కేలు గుమ్మం దగ్గర ఉన్నాయి సార్."

"నా టోపీకి గుమ్మం దగ్గర చలేస్తుంది."

కోలిన్ గోడ మీది చెక్క వైపు చూశాడు. టోపీ బల్ల మీద పెట్టినవాళ్ళు గదిలో ఉన్న అందరికీ పోయించాలని దాని మీద బంగారు అక్షరాలతో రాసి ఉంది. వందేళ్ళ కిందటి నియమం. దాన్ని ఎవరూ మీరిన పాపాన పోలేదు, ఎందుకంటే టోపీ తీయడం తేలిక.

"ఎంతమంది ఉన్నారు?" అన్నాడు డెస్మండ్.

"మీతో కలిపి పదకొండు మంది సార్."

"పొయ్యి."

గదిలో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర పంది చర్మం వేపుడు నములుతున్న పెద్దమనిషి నమలడం మానేశాడు.

"గ్లెనిస్, వీడి నుదురు ముట్టుకుని చూడు," అన్నాడు బ్యారీ. "జ్వరం తగిలినట్టుంది. పోయిన క్రిస్మస్‌కి నాకు సగం గ్లాసు పోయించి, మిగతా సగానికి ఈస్టర్ దాకా ఆగమన్న మనిషి వీడు."

"చల్లగానే ఉన్నాడు," అంది గ్లెనిస్, నిజంగానే ముట్టుకుని. "నాడి మాత్రం పరిగెడుతోంది. ఏమైంది నీకు?"

"గెలిచినవాణ్ణి. పోయించకూడదా?"

"గెలిచి పది నెలలైంది."

"నాకు ఇప్పుడే ఎక్కింది."

నవ్వారు. డెస్మండ్ కూడా నవ్వాడు, చెయ్యి తీయకుండానే. ఎడమ చేత్తో తాగాడు. సగం గడ్డం మీద పోసుకున్నాడు.

ఆర్మరాడ్ గొంతు సవరించుకుని తన దస్త్రం విప్పాడు. నీలం అట్ట, నాలుగు రంగుల చీటీలు, ప్రతి కాగితం మూలా కొలిచి కొట్టిన చిల్లు.

"నీ హక్కుని నేను కాదనను డెస్మండ్. సలహా చెబుతున్నానంతే. వెక్స్‌కూంబ్ హాల్ అని ఉంది. పద్దెనిమిది గుంటలు, చెరువు, చెరువులో హంసలు. మే నెల రెండో వారంలో మంగళ, బుధవారాలు ఖాళీ."

"భోజనానికి కోటా?" అన్నాడు డెస్మండ్.

"రాత్రి పూట మాత్రమే."

"హంసలకి కూడానా?"

బ్యారీ బల్ల చరిచాడు. బంతులు ఎగిరాయి. డెస్మండ్ గుండె కూడా ఎగిరింది. టోపీని ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"సరే, నువ్వు చెప్పు," అంది గ్లెనిస్. "పది నెలలుగా మనసులో దాచుకున్నావ్. ఏ ఊరు?"

డెస్మండ్ గ్లాసు కింద పెట్టాడు. ఈ మాట అనడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. ఇంట్లో గడ్డం గీసుకుంటూ అద్దం ముందు ఎన్నిసార్లు అనుకున్నాడో, అద్దానికి కంఠతా వచ్చేసి ఉంటుంది.

"బ్రాక్‌హాప్."

"ఎక్కడది?" అన్నాడు బ్యారీ.

"హెరిఫర్డ్ దాటాక, కొండల్లో."

"ఎన్ని గుంటలు?"

"తొమ్మిది."

"తక్కిన తొమ్మిదీ?"

"అవే మళ్ళీ ఆడాలి."

"గడ్డి ఎవరు కోస్తారు?"

"గొర్రెలు."

బ్యారీ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "గొర్రెలంటే, ఊలు గొర్రెలేనా?"

"వేరే రకం ఉన్నాయా? అది ఊరుమ్మడి కొండ. గొర్రెలది ముందు, మనది తర్వాత. గుంటల చుట్టూ తీగ కట్టి ఉంటుంది, అవి తొక్కకుండా. దాటుకుని లోపలికెళ్ళి కొట్టాలి."

"బంతి పెంటికల్లో పడితే?"

"ఉత్తినే తీసి పక్కన పెట్టుకోవచ్చు," అంది గ్లెనిస్ వెంటనే. నియమాల పుస్తకం ఆమెకు బైబిల్‌కన్నా దగ్గర. "అలాంటి చోట్ల సొంత నియమం ఒకటుంటుంది. తుడుచుకోవచ్చు కూడా."

"దేంతో?"

"నీ దగ్గర బంతులు యాభై ఉన్నాయి. ఒకటి పారేసుకో."

"బస?" అన్నాడు ఆర్మరాడ్. అతని గొంతు ఎందుకో పల్చగా ఉంది.

"డ్రోవర్స్ అని ఒక పూటకూళ్ళ ఇల్లు. పైన నాలుగు గదులు, కింద భోజనాల గది. ఆడే కొండ గుమ్మం ఎదురుగానే. కోటు అక్కర్లేదు. చెప్పులు కూడా వాళ్ళే విప్పమంటారు, బురద వల్ల."

"నేనెప్పుడూ ఆ ఊరి పేరు వినలేదు," అన్నాడు ఆర్మరాడ్.

విన్నావా అని అతన్ని ఎవరూ అడగలేదు. గ్లెనిస్ అతని వంక ఒకసారి చూసి ఊరుకుంది.

"నాకు నడుము నొప్పి," అన్నాడు ఆర్మరాడ్ మళ్ళీ. "కొండ ఎక్కలేను. మన వయసుకి గొర్రెల వెనక పడి పరిగెత్తడం ఏమిటి? వెక్స్‌కూంబ్‌లో వేడినీళ్ళ కొలను ఉంది. డెస్మండ్, ఒక్కసారి బొమ్మలన్నా చూడు. ఇదిగో, ఇది పైకప్పు. నీకు నచ్చుతుంది. పాతకాలపు పనితనం."

డెస్మండ్ బొమ్మ చూశాడు. చూడగానే తెలిసింది. అచ్చులో పోసి అతికించిన బాపతు. ఆకులన్నీ ఒకే ఆకు.

"ఇది పనితనం కాదు," అన్నాడు. "బిస్కెట్లు."

"నీకు ఆ బ్రాక్‌హాప్‌లో అంత ఏముంది?"

ఏముందో డెస్మండ్ చెప్పలేదు. ముప్పై ఏళ్ళ కింద డ్రోవర్స్‌లో భోజనాల గది పైకప్పు కూలిపోతే, అప్పటి ముసలి యజమాని ఎవరో చెబితే విని డెస్మండ్‌ని పిలిపించాడు. మూడు వారాల పని. ఏ అచ్చూ లేకుండా, తడి పూత ఆరేలోపు వేళ్ళతో, చెంచా వెనక్కొసతో, గది చుట్టూ హాప్ తీగలు అల్లాడు. ఆ ప్రాంతమంతా హాప్ తోటలే. ప్రతి తీగా కిటికీలోంచి చూసి చేసిందే, ప్రతి ఆకూ వేరే. పని అయిన సాయంత్రాల్లో ముసలాయన తన పాత గోల్ఫ్ కర్రలు ఇచ్చి కొండ మీదికి తోలేవాడు. డెస్మండ్ మొదటి బంతి కొట్టింది అక్కడే. తర్వాత అతని చేతుల్లో చాలా పైకప్పులు తయారయ్యాయి. అన్నీ అడిగినవాళ్ళు అడిగినట్టు, నున్నగా, తెల్లగా, ఏమీ లేకుండా. ఇరవై ఏళ్ళుగా తనతో తిరుగుతున్న ఈ ముగ్గురినీ ఆ ఒక్క కప్పు కింద కూర్చోబెట్టాలి. తింటూ తింటూ వాళ్ళు తలెత్తాలి. అంతే. అంతకన్నా అతనికేమీ అక్కర్లేదు.

తాను చేశానని చెప్పి తీసుకెళితే ఆ తలెత్తడంలో ఏముంది?

"ఓటేద్దాం," అన్నాడు బ్యారీ.

"ఓట్లేమిటి? హక్కు వాడిది," అంది గ్లెనిస్. "జూలియన్, నువ్వు మమ్మల్ని పదకొండుసార్లు హంసల దగ్గరికి తీసుకెళ్ళావ్. ఒకసారి గొర్రెల దగ్గరికి వెళ్తే చచ్చిపోం. నాకు గొర్రెలంటే ఇష్టం. అవి పురుడు పోసుకునేటప్పుడు మొగుళ్ళు పక్కన నిలబడి స్పృహ తప్పరు."

"అయితే ఇప్పుడే ఫోన్ చేసేద్దాం," అన్నాడు బ్యారీ. అన్నదే తడవు తన ఫోన్ తీసి, నంబరు వెతికి, నొక్కి, అందరికీ వినపడేలా పెట్టి బల్ల మధ్యలో బంతుల మీద నిలబెట్టాడు. పాత కార్లు అమ్మినవాడు. ఎదుటివాడు ఆలోచించుకునేలోపు తాళాలు చేతిలో పెట్టడం అలవాటు.

చాలాసేపు మోగింది. తర్వాత కుక్క మొరుగుడు, దాని వెనక ఒక ఆడగొంతు. "నోర్ముయ్! నిన్ను కాదు నాయనా, కుక్కని. డ్రోవర్స్. చెప్పండి."

ఆర్మరాడ్ తన కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

బ్యారీ డెస్మండ్‌ని మోచేత్తో పొడిచాడు. డెస్మండ్ ఫోన్ మీదికి వంగాడు. చెయ్యి మాత్రం టోపీ మీదే.

"అమ్మా, మే నెలలో రెండు రాత్రులు. రెండో వారం, మంగళ, బుధవారాలు. నలుగురం. ముగ్గురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి."

"గోల్ఫా?"

"గోల్ఫే."

"అయితే బురద బూట్లు వెనక గుమ్మంలోంచి. మూడు గదులున్నాయి. మగవాళ్ళలో ఇద్దరు సర్దుకోవాలి. ఎవరన్నా గురక పెడతారా?"

"పెడతాం," అన్నాడు బ్యారీ గర్వంగా.

"అయితే నువ్వు మెట్ల పక్క గదిలో పడుకో నాయనా, అది గోడలు మందం. పొద్దున గుడ్లూ, బేకనూ, నల్ల పుడ్డింగూ. రాత్రికి గొర్రె మాంసం."

"ఆడినవాళ్ళతోనే భోజనమన్నమాట," అంది గ్లెనిస్.

డెస్మండ్ నాలుక తడుపుకున్నాడు. "అమ్మా, ఆ భోజనాల గదికి పైకప్పు... ఉందా ఇంకా?"

"కప్పు లేకుండా గొడుగులు పట్టుకుని తింటారా ఏమిటి?"

"కాదమ్మా. దాని మీద తీగలు ఉండాలి."

"ఓ, హాప్ తీగలా!" ఆ గొంతు మెత్తబడింది. "ఉన్నాయి నాయనా. ఒక్క ఆకు రాలలేదు. వచ్చినవాళ్ళంతా మెడలు పట్టేసేలా చూస్తారు. పోయినేడు ఎవరో పెద్ద చదువులవాళ్ళు వచ్చి బొమ్మలు తీసుకెళ్ళారు. ఎవరు చేశారని అడిగారు. నేనేం చెప్పను? నాకు ముందున్న ముసలాయన పోయాడు, పేరు ఎక్కడా రాసి పెట్టలేదు. ఎవరో మహానుభావుడు. నువ్వెప్పుడన్నా వచ్చావా ఇటు?"

"ఒకసారి," అన్నాడు డెస్మండ్.

"సరే, పుస్తకంలో రాస్తాను. ఎవరి పేరున?"

బ్యారీ అతని భుజం నొక్కాడు. గ్లెనిస్ గ్లాసు పైకెత్తి పట్టుకుంది. ఆర్మరాడ్ కూడా, ఓడిన వకీలు తలవంచినట్టు, మర్యాదగా తల వంచాడు. పందొమ్మిదేళ్ళ తర్వాత, ఆ కప్పు కింద ఉన్న పుస్తకంలోకి, తన పేరు. రెండు మాటలు చాలు.

డెస్మండ్ నోరు తెరిచాడు. పేరు రాలేదు.

పగులు మీద రంగు కొట్టి డబ్బు తీసుకునేవాళ్ళని అతను బతుకంతా తిట్టాడు. ఎండాకాలం ఎంత నున్నగా ఉన్నా, చలికాలం రాగానే ఆ పగులు అదే చోట, అదే గీతలో, రంగు చీల్చుకుని బయటికి వస్తుంది. అలాంటివాళ్ళు పిల్చే పనికి పిలిచినా వెళ్ళలేదు. అలాంటి మనిషి పేరు ఆ తీగల కింద పుస్తకంలో రాస్తారా? ఇప్పటిదాకా అక్కడ ఏ పేరూ లేదు. లేకపోవడమే నయం.

"అయ్యో, ఉండు నాయనా," అంది ఫోన్లో గొంతు. "ఈ కుక్క పొయ్యి దగ్గరికెళ్ళింది. పెట్టేయకు, ఇప్పుడే వస్తా." ఏదో కిందపడింది. పరిగెత్తిన అడుగులు దూరమయ్యాయి.

డెస్మండ్ టోపీ ఎత్తాడు.

బంతి అక్కడే ఉంది, రెండు ఆకుపచ్చ చుక్కలూ పైకి చూస్తూ. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"నీదే," అన్నాడు బ్యారీ. "నా సంచిలో దొరికిందా? ఇంతోటి దానికి పదకొండుమందికి పోయించావా? అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా!"

"ఇది నీ సంచిలోకి ఎప్పుడొచ్చింది?"

"నాకేం గుర్తు? పోయిన మే నెల తర్వాత ఈ సంచి తెరవలేదు. కొత్తది కొన్నాగా." ఆ మాట నోట్లో ఉండగానే బ్యారీ మొహం మారింది. "ఆఖరి గుంట... ఆ గడ్డిలో నేనొకటి తీశాను."

"అది ఇదే. నేను కొట్టి గుంటలో వేసింది పరాయిది."

పక్క బల్ల పెద్దమనిషి మళ్ళీ నమలడం మానేశాడు.

గ్లెనిస్ గ్లాసు కింద పెట్టింది. నొప్పులు మొదలైన ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు ఆమె మొహం అలాగే ఉండేదేమో, ప్రశాంతంగా, భయం పుట్టించేలా. "ఎవరూ మాట్లాడకండి. డెస్మండ్, ఒక్క మాట అడుగుతాను. ఆలోచించి చెప్పు. పోటీ ముగిసి, కుందేలు చేతికిచ్చాక పాత తప్పులు తవ్వకూడదు. పుస్తకంలో అలాగే ఉంది. తెలియక జరిగితే నీ గెలుపు నీదే, జూలియన్ కూడా కాదనలేడు. తెలిసి సంతకం పెట్టి ఉంటేనే లెక్క వేరు. నీకు ఎప్పుడు తెలిసింది?"

ఎంత పెద్ద తలుపు తెరిచి పెట్టిందో ఆమెకు తెలుసు. 'ఇప్పుడే' అంటే చాలు. బ్యారీ కళ్ళు ఆ మాట అనమని బతిమాలుతున్నాయి.

"గుంటలోంచి తీసినప్పుడు," అన్నాడు డెస్మండ్. "చుక్కలు లేవు. చూశాను. జేబులో వేసుకున్నాను."

వాన చప్పుడు బాగా వినిపించింది.

"ఛ," అన్నాడు బ్యారీ. "అబద్ధం ఆడటం కూడా రాదురా నీకు."

"పది నెలలు బాగానే ఆడాను." డెస్మండ్ టోపీని చేతుల్లో పిండుతున్నాడు. నీళ్ళు బల్ల మీద కారుతున్నాయి. "కుందేలు సాయంత్రం తెచ్చిచ్చేస్తా. తుడిచే ఉంచాను. ఊరు ఆర్మరాడ్ చెప్తాడు. నేను రానులే ఈసారి. మీరు ముగ్గురే వెళ్ళండి."

"ఎందుకు చెప్పావ్?" అన్నాడు ఆర్మరాడ్. మాట్లాడింది వకీలు కాదు, నిజంగా తెలుసుకోవాలనుకున్న మనిషి. "టోపీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయుంటే జన్మలో ఎవరికీ తెలిసేది కాదు. గదులు కూడా దొరికాయి."

డెస్మండ్ చాలాసేపు ఫోన్ వంక చూశాడు. దాంట్లోంచి దూరంగా కుక్కని తిడుతున్న గొంతు వస్తోంది.

"ఆ తీగలు నేను చేసినవి," అన్నాడు.

"ఏ తీగలు?"

"హాప్ తీగలు. ఆవిడ చెప్పింది కదా, ఎవరో మహానుభావుడు అని. అది నేనే." గట్టిగా అనడానికి సిగ్గేసి గొణిగాడు. "మీకు చెప్పకుండా తీసుకెళ్ళి కింద కూర్చోబెడదామనుకున్నా. మీరు పైకి చూస్తారా లేదా అని. మీ హంసలు అయిపోయాక. అంతే. వాటి కింద పుస్తకంలో దొంగ గెలుపుతో నా పేరు రాయించడానికి నోరు రాలేదు."

గ్లెనిస్ పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది. బ్యారీ బంతులన్నీ ఒక్కొక్కటే సంచిలో వేయడం మొదలుపెట్టాడు, వాటిని లెక్కపెట్టకపోతే కొంప మునుగుతుందన్నట్టు.

ఆర్మరాడ్ దస్త్రం వంక చూశాడు. నాలుగు రంగుల చీటీలు సరిచేశాడు. మూసేశాడు. ఇరవై ఏళ్ళలో అతను కోరుకున్నది దొరికి కూడా ఇంత దిగులుగా ఉండటం డెస్మండ్ ఎప్పుడూ చూడలేదు. ఏదో మింగుడుపడని మాత్ర నాలుక మీద పెట్టుకున్నట్టుంది మొహం.

"అయితే గెలిచింది నేను," అన్నాడు.

"ఒక్క దెబ్బ తేడాతో రెండో వాడివి నువ్వే. నీదే," అంది గ్లెనిస్.

"ఊరు నేనే చెప్పాలి."

"చెప్పు. హంసలేగా."

ఆర్మరాడ్ కిటికీలోంచి వానలోకి చూశాడు. వేళ్ళతో బల్ల మీద ఏదో లెక్క కట్టాడు. ఎన్నేళ్ళు లెక్క కట్టాడో ఎవరికీ తెలియదు.

"బ్రాక్‌హాప్," అన్నాడు.

"ఏంటి?" అన్నాడు బ్యారీ.

"చెవుడా? బ్రాక్‌హాప్. నలుగురం. డెస్మండ్ రాకపోతే నేను కూడా పోను. ఆ పైకప్పు ఎవడు చేశాడో వాడి పక్కన కూర్చుని చూడాలి నేను. వెక్స్‌కూంబ్‌వి బిస్కెట్లని నాకు ముందే చెప్పొచ్చుగా, మూర్ఖుడా? రెండుసార్లు వెళ్ళాం."

డెస్మండ్‌కి ఏమనాలో తోచలేదు. టోపీ తల మీద పెట్టుకున్నాడు. క్లబ్బు లోపల టోపీ! కోలిన్ అటు చూసి, అంతలోనే గ్లాసు తుడవడం చాలా ముఖ్యమైపోయినట్టు వెనక్కి తిరిగాడు. బ్యారీ కేక వేశాడు. గ్లెనిస్ లేచి ఆర్మరాడ్ బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఇరవై ఏళ్ళలో అది మొదటిసారి. అతను ఎర్రగా కందిపోయాడు.

ఫోన్లో అడుగులు దగ్గరయ్యాయి. "వచ్చా నాయనా. ముక్క ఎత్తుకుపోయింది, సగం దక్కింది. ఆఁ, కలం పట్టుకున్నా. ఎవరి పేరున?"

"బ్యారీ టప్లిన్ అని రాయించు," అన్నాడు ఆర్మరాడ్ గబగబా, గుసగుసగా.

"నాదెందుకు? గెలిచింది నువ్వు."

"ఎవరిదైతే ఏం? గ్లెనిస్ పేరు చెప్పు."

"కుదరదు," అంది గ్లెనిస్. "గెలిచినవాళ్ళ పేరే. ఇరవై ఏళ్ళ పద్ధతి. ఇవాళ ఇంత గొడవ జరిగింది దాని గురించే కదా. చెప్పు, సిగ్గెందుకు?"

"హలో? ఉన్నారా?" అంది గొంతు.

ఆర్మరాడ్ లేచి నిలబడ్డాడు. మెడ దగ్గర గుండీ సరిచేసుకున్నాడు. కోర్టులో ఉరిశిక్ష వినేవాడు కూడా అంత శుభ్రంగా నిలబడడు. ఫోన్ మీదికి వంగి, వీలైనంత లోగొంతుకతో అన్నాడు.

"ఆర్మరాడ్."

అవతల కలం ఆగింది. కుక్క కూడా ఆగినట్టుంది. ఎంతసేపటికీ మాట లేదు. లైను తెగిపోయిందేమోనని బ్యారీ ఫోన్ అందుకోబోయాడు. గ్లెనిస్ అతని చెయ్యి పట్టుకుంది.

"జూలియన్ ఆర్మరాడా?" అంది ఆ గొంతు చివరికి. ఇందాకటి గొంతు కాదు. దాంట్లోంచి నాయనా, కుక్కా, మాంసం అన్నీ ఎక్కడికో పోయాయి. "పోస్టాఫీసు వాళ్ళ నెస్టాని గుర్తుందా? నలభై రెండేళ్ళయింది. సాయంత్రం బండికి వస్తానని వెళ్ళావ్."

ఆర్మరాడ్ కళ్ళు మూసుకున్నాడు. ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని అతన్నే చూస్తున్నారు. పక్క బల్ల పెద్దమనిషి తన కుర్చీని వాళ్ళ వైపు తిప్పేసుకున్నాడు.

"నెస్టా," అన్నాడు ఆర్మరాడ్. "నేను... ఆ సాయంత్రం..."

"ఆ సాయంత్రం సంగతి తర్వాత. మంగళవారం నువ్వొక్కడివీ మిగతావాళ్ళకన్నా రెండు గంటలు ముందు రా. నువ్వు తొడిగిన ఉంగరం ఇంకా నా వేలికే ఉంది. సబ్బు పెట్టినా రావడం లేదు. తొడిగినవాడివి నువ్వే వచ్చి తియ్యి." ఆమె ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. "లేకపోతే, తియ్యకు."